భాగం - 9 : ఇంజన్ వేడి, సూపర్‌చార్జరు, చరిత్ర ఆధారం – పాత యుద్ధ విమాన సిమ్యులేటర్లను ఎలా చదవాలి?

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ఉపోద్ఘాతం
9.2 మన రాజధాని పేరు మోసిన స్క్వాడ్రన్లు
9.3 సూపర్‌చార్జరు చేసే పని
9.4 వేడి ఎటు పోవాలి?
9.5 ‘అయిదు నిమిషాలు’ : ఒక పరిమితి చరిత్ర
9.6 సిమ్యులేటరు ఆధారమా, వ్యాఖ్యానమా?
9.7 సారాంశం
9.8 మీ సమాధానాలను సరిచూసుకోండి
9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు
9.10 కీలక పదాలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• రెండో ప్రపంచ యుద్ధకాలపు పోరు విమానాల్లో సూపర్‌చార్జరు ఎందుకు అవసరమైందో వివరించగలుగుతారు.
• ఇంజన్ వేడెక్కడానికీ, బయటి గాలి ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధాన్ని సులభమైన లెక్కతో చూపగలుగుతారు.
• ఒక సాంకేతిక పరిమితి వెనుక ఉన్న పరిపాలనా నిర్ణయాన్ని గుర్తించగలుగుతారు.
• సిమ్యులేటరును చరిత్ర ఆధారంగా వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను చెప్పగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో పెరిగిన వారికి బోరు మోటరు కాలిపోవడం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. బోరులో దించిన మోటరును చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న నీళ్లే. వేసవిలో నీటిమట్టం పడిపోతే మోటరు తిరుగుతూనే ఉంటుంది, కాని దాని వేడిని తీసుకుపోయేది ఏదీ ఉండదు. కొంతసేపటికి వైండింగు మాడిపోతుంది. మోటరు చెడ్డది కాదు. అది పుట్టించే వేడికీ, బయటికి పోయే వేడికీ లెక్క తప్పింది, అంతే.

ఈ భాగంలో మనం చదవబోయే విషయం ఇదే లెక్క మీద నడుస్తుంది. 1940 ప్రాంతపు పోరు విమానాలను కంప్యూటరు తెర మీద నడిపించే సిమ్యులేటర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో థ్రాటిల్‌ను చివరిదాకా నెట్టి కొంతసేపు ఎగిరితే సూది ఎర్ర గీత దాటుతుంది, ఇంజను ఆగిపోతుంది. ఆడేవారు దీన్ని చరిత్రలో నిజంగా జరిగిన సంగతిగా నమ్ముతారు. చరిత్ర విద్యార్థులుగా మీరు అడగవలసిన ప్రశ్న వేరు: ఆ ఎర్ర గీతను ఎవరు గీశారు? దేని ఆధారంగా గీశారు?

ఈ భాగం చదవడానికి మీకు కంప్యూటరు ఉండనక్కరలేదు. కాగితం, కలం చాలు.

9.2 మన రాజధాని పేరు మోసిన స్క్వాడ్రన్లు

ఈ విషయానికీ రాయలసీమకూ ఏమి సంబంధం అని మీకు అనుమానం రావచ్చు. 1800లో నిజాం బ్రిటిష్ వారికి అప్పగించిన దత్త మండలాల్లో కడప ప్రాంతం ఉంది. కర్నూలు నవాబు పాలన 1839లో ముగిసింది. ఆ తరువాత రెండు జిల్లాలూ మద్రాసు రాజధానిలో భాగంగానే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటికీ అదే పరిస్థితి.

యుద్ధకాలంలో బ్రిటిష్ సామ్రాజ్యంలోని ప్రాంతాలు విమానాల కోసం విరాళాలు పోగుచేసి పంపితే, కొన్ని స్క్వాడ్రన్లకు ఆ ప్రాంతాల పేర్లు పెట్టేవారు. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లోని 79, 234, 264 నంబరు స్క్వాడ్రన్లకు ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ అనే పేరు అలా వచ్చింది. 152వ స్క్వాడ్రనుకు ‘హైదరాబాద్’ అనీ, 253వ దానికి ‘హైదరాబాద్ స్టేట్’ అనీ పేర్లు వచ్చాయి. నిజాం విరాళంతో విమానాలు కొనడం కొత్త సంగతి కాదు. మొదటి ప్రపంచ యుద్ధం చివరలో 110వ స్క్వాడ్రనుకు ‘హైదరాబాద్’ పేరు వచ్చింది ఆ కారణంగానే.

ఇక్కడ ఒక విషయాన్ని గుర్తుంచుకోండి. మద్రాసులో రాజగోపాలాచారి నాయకత్వంలోని కాంగ్రెసు మంత్రివర్గం 1939 అక్టోబరులో రాజీనామా చేసింది. భారతీయులను అడగకుండానే భారతదేశాన్ని యుద్ధంలోకి దించడమే అందుకు కారణం. 1940 అక్టోబరులో గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహం ప్రారంభించారు. యుద్ధానికి మనుషులను గాని డబ్బును గాని ఇవ్వరాదన్నదే సత్యాగ్రహుల మాట. అంటే ఒకవైపు రాజధాని పేరు విమానాల మీదికి ఎక్కుతూ ఉంటే, మరోవైపు అదే రాజధానిలో యుద్ధ సహాయాన్ని నిరాకరించినవారు జైళ్లకు వెళుతున్నారు. స్క్వాడ్రను పేరును చూసి ఆ ప్రాంత ప్రజలందరి సమ్మతి అని అనుకోవడం చరిత్రకారుడు చేయకూడని పొరపాటు.

‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ పేరున్న ఈ మూడు స్క్వాడ్రన్లు మన చర్చకు మరో విధంగా ఉపయోగపడతాయి. 1940లో ఇంగ్లండు మీద జరిగిన ఆకాశ యుద్ధంలో 79వ స్క్వాడ్రను హరికేన్, 234వ స్క్వాడ్రను స్పిట్‌ఫైర్, 264వ స్క్వాడ్రను డిఫయంట్ విమానాలను నడిపాయి. మూడింటిలోనూ ఉన్నది రోల్స్-రాయిస్ మెర్లిన్ ఇంజనే. కాని గరిష్ఠ వేగాలు వేరు: డిఫయంట్‌కు గంటకు సుమారు 300 మైళ్లు, హరికేన్‌కు సుమారు 320, స్పిట్‌ఫైర్‌కు సుమారు 355. డిఫయంట్‌లో ఇద్దరు మనుషులు, వెనుకవైపు నాలుగు మరతుపాకుల బరువైన గోపురం ఉండేవి. ముందుకు కాల్చే తుపాకులు లేవు. 1940 ఆగస్టు చివరి వారంలో 264వ స్క్వాడ్రను భారీగా నష్టపోయి పగటి పోరు నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఇంజను ఒక్కటే అయినా ఫలితం ఒక్కటి కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
గమనిక: మీ సమాధానాన్ని నోటుపుస్తకంలో రాసి 9.8తో పోల్చి చూసుకోండి.
‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ అనే స్క్వాడ్రను పేరు దేన్ని తెలుపుతుంది? దేన్ని తెలపదు?

9.3 సూపర్‌చార్జరు చేసే పని

పెట్రోలు మండాలంటే గాలి కావాలి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. సుమారు 18 వేల అడుగుల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగం మాత్రమే. మామూలు ఇంజను అక్కడ తన బలంలో సగం పోగొట్టుకుంటుంది. ఈ లోటు తీర్చడానికి గాలిని నొక్కి ఇంజనులోకి పంపే యంత్రమే సూపర్‌చార్జరు. మెర్లిన్‌లో ఇది వేగంగా తిరిగే ఒక రెక్కల చక్రం. ఇంజనే పళ్ల చక్రాల ద్వారా దాన్ని తిప్పుతుంది.

నేల దగ్గర గాలి చిక్కగా ఉంటుంది కనుక ఈ చక్రం అవసరానికి మించి గాలిని నొక్కగలదు. అందువల్ల ఒక నియంత్రణ సాధనం థ్రాటిల్ కవాటాన్ని కొంత మూసి ఉంచుతుంది. విమానం ఎక్కేకొద్దీ అది కవాటాన్ని కొంచెం కొంచెంగా తెరుస్తుంది. కవాటం పూర్తిగా తెరుచుకున్న ఎత్తును ‘పూర్తి థ్రాటిల్ ఎత్తు’ అంటారు. అక్కడి నుంచి పైకి వెళితే బలం తగ్గడం మొదలవుతుంది. 1940 నాటి మెర్లిన్ 3 ఇంజనుకు మామూలు బూస్టు దగ్గర ఈ ఎత్తు సుమారు 16 వేల అడుగులు.

బూస్టు అంటే మామూలు వాతావరణ పీడనానికి మించి ఇంజనులోకి వెళ్లే పీడనం. దీన్ని ఒక్కో దేశం ఒక్కో కొలతలో చెప్పేది. బ్రిటిష్ వారు చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లు ‘అదనం’ అని చెప్పేవారు. అమెరికన్లు మొత్తం పీడనాన్ని పాదరసం అంగుళాల్లోనూ, జర్మన్లు ‘అటా’ అనే కొలతలోనూ చెప్పేవారు. బ్రిటిష్ లెక్కలో +12 పౌన్లు అంటే అమెరికన్ లెక్కలో సుమారు 54 అంగుళాలు. సిమ్యులేటరులో ఒక దేశపు విమానం నుంచి మరో దేశపు విమానానికి మారినవారు ముందుగా తికమకపడేది ఈ కొలతల దగ్గరే.

యుద్ధం సాగినకొద్దీ సూపర్‌చార్జరు మారింది. మెర్లిన్ 20లో రెండు వేగాలు వచ్చాయి: తక్కువ ఎత్తుకు ఒకటి, ఎక్కువ ఎత్తుకు ఒకటి. మెర్లిన్ 60 శ్రేణిలో గాలిని రెండు దశల్లో నొక్కి, మధ్యలో వేడెక్కిన గాలిని చల్లబరిచి ఇంజనులోకి పంపారు. జర్మన్ మెసర్‌ష్మిట్ 109 ఇంజనులో ద్రవంతో నడిచే క్లచ్ ద్వారా సూపర్‌చార్జరు వేగం ఎత్తును బట్టి క్రమంగా మారేది. అమెరికన్ థండర్‌బోల్ట్‌లో ఇంజను నుంచి వెలువడే పొగ బలంతోనే తిరిగే టర్బో ఉండేది.

ఈ మార్పుల ఫలితాన్ని భారతదేశం మీద కూడా చూడవచ్చు. 1943లో జపాను నిఘా విమానాలు హరికేన్లకు అందనంత ఎత్తున, వేగంగా వచ్చి బెంగాలు మీద ఫోటోలు తీసుకుపోయేవి. ఆ ఏడాది చివర స్పిట్‌ఫైర్లు వచ్చాకే వాటిని కూల్చగలిగారు. ‘హైదరాబాద్’ పేరున్న 152వ స్క్వాడ్రను ఆ తరువాత స్పిట్‌ఫైర్ 8తో బర్మా రంగంలో పోరాడింది. 1942లో భారతదేశానికి వచ్చిన 79వ ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ స్క్వాడ్రను 1944లో హరికేన్లను వదిలి థండర్‌బోల్ట్‌లకు మారింది.

9.4 వేడి ఎటు పోవాలి?

సైకిలు ట్యూబుకు చేతిపంపుతో గాలి కొడితే పంపు అడుగుభాగం కాలుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. సూపర్‌చార్జరులోనూ ఇదే జరుగుతుంది. ఒక లెక్క చూడండి. గాలిని రెండింతల పీడనానికి నొక్కామనీ, యంత్రం సామర్థ్యం 70 శాతం అనీ అనుకుందాం.

• బయట 15 డిగ్రీల సెల్సియస్ ఉంటే, నొక్కిన గాలి సుమారు 105 డిగ్రీలకు చేరుతుంది.
• బయట 42 డిగ్రీలు ఉంటే, నొక్కిన గాలి సుమారు 140 డిగ్రీలకు చేరుతుంది.

మొదటి అంకె, 15 డిగ్రీలు, ప్రపంచమంతటా విమానాల లెక్కలకు వాడే ప్రామాణిక వాతావరణంలోని సముద్రమట్ట ఉష్ణోగ్రత. రెండవది మే నెలలో కర్నూలులోనో కడపలోనో మధ్యాహ్నం మీకు పరిచయమైన ఉష్ణోగ్రత. బయట 27 డిగ్రీల తేడా ఉంటే లోపల 35 డిగ్రీల తేడా వచ్చిందని గమనించండి. వేడి గాలితో కలిసిన పెట్రోలు మంట వ్యాపించక ముందే తనంతట తాను పేలవచ్చు. మెకానిక్కులు దీన్ని ‘నాకింగ్’ అంటారు. అది పిస్టన్లను దెబ్బతీస్తుంది. 1940 నాటికి బ్రిటిష్ పోరు విమానాలకు 100 ఆక్టేన్ పెట్రోలు అందడం ఎందుకు అంత ముఖ్యమైందో దీన్నిబట్టి అర్థమవుతుంది. అది ఎక్కువ బూస్టుకు ఓర్చుకోగలిగేది.

ఇది ఇంజను లోపలికి వెళ్లే గాలి వేడి. ఇంజను గోడల నుంచి బయటికి పోవలసిన వేడి వేరు. మెర్లిన్ చుట్టూ తిరిగే ద్రవం ఆ వేడిని రేడియేటరుకు చేర్చి గాలికి వదులుతుంది. గాలికి ఎంత వేడి పోతుందన్నది ద్రవానికీ గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. ద్రవం 105 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. బయట 15 డిగ్రీలైతే తేడా 90. బయట 42 అయితే తేడా 63. అంటే అదే రేడియేటరు, అదే వేగంలో, సుమారు 30 శాతం తక్కువ వేడిని వదులుతుంది. దీనికి తోడు గాలి కూడా పలచబడుతుంది. సుమారు 280 మీటర్ల ఎత్తున ఉన్న కర్నూలులో 42 డిగ్రీల మధ్యాహ్నం గాలి సాంద్రత, ప్రామాణిక సముద్రమట్ట గాలికంటే సుమారు 12 శాతం తక్కువ.

నీళ్లు తగ్గిన బోరులోని మోటరు పరిస్థితే ఇది. అయితే ఒక తేడా ఉంది. కిలోమీటరు ఎక్కితే గాలి సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. నేల మీద 42 ఉన్నప్పుడు 3 కిలోమీటర్ల ఎత్తున 22, 23 డిగ్రీలు ఉండవచ్చు. కనుక వేడి దేశంలో అసలు ప్రమాదం నేల మీద ఇంజను నడుపుతూ నిలబడినప్పుడూ, తక్కువ వేగంతో నిటారుగా ఎక్కుతున్నప్పుడూ ఉంటుంది. తొలి స్పిట్‌ఫైర్లలో నేల మీద ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. రేడియేటరు కుడి రెక్క కింద ఉండేది, దించిన చక్రపు కాలు దానికి గాలిని కొంత అడ్డగించేది. అందుకే పైలట్లు నేల మీద ఎక్కువసేపు ఆగకుండా ఎగిరిపోవాలని చూసేవారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
గమనిక: మీ సమాధానాన్ని 9.8తో పోల్చి చూసుకోండి.
బయట 38 డిగ్రీలు, ద్రవం 105 డిగ్రీలు ఉంటే, 15 డిగ్రీల రోజుతో పోలిస్తే రేడియేటరు ఎంత శాతం తక్కువ వేడిని వదులుతుంది? సాంద్రత తేడాను లెక్కలోకి తీసుకోకండి.

9.5 ‘అయిదు నిమిషాలు’ : ఒక పరిమితి చరిత్ర

100 ఆక్టేన్ పెట్రోలు వచ్చాక మెర్లిన్ 3 పైలట్లకు ఒక అదనపు వెసులుబాటు దొరికింది. అత్యవసరంలో ఒక మీటను లాగితే బూస్టు +6¼ పౌన్ల నుంచి +12కు పెరిగేది. అయితే అయిదు నిమిషాలకు మించి వాడరాదు, వాడిన సంగతి ఇంజను లాగ్‌పుస్తకంలో నమోదు కావాలి. తక్కువ ఎత్తుల్లోనే దీనివల్ల లాభం. 16 వేల అడుగులు దాటాక కవాటం ఎలాగూ పూర్తిగా తెరిచే ఉంటుంది కనుక మీట లాగినా అదనంగా వచ్చేది ఏమీ లేదు.

1940 ఆగస్టు 1న బ్రిటిష్ ఫైటర్ కమాండ్ అధిపతి హ్యూ డౌడింగ్ తన స్క్వాడ్రన్లకు ఒక లేఖ పంపారు. హరికేన్, స్పిట్‌ఫైర్, డిఫయంట్ విమానాల్లో మెర్లిన్ ఇంజన్ల వాడకం దాని విషయం. కొందరు పైలట్లు అవసరం లేనప్పుడు కూడా +12 బూస్టును వాడుతున్నారనీ, ఇంజన్లు దెబ్బతింటున్నాయనీ దాని సారాంశం. ఈ లేఖను చరిత్రకారుని కళ్లతో చదవండి. ఒకటి, పైలట్లు నియమాన్ని దాటుతున్నారని పై అధికారికి తెలుసు. రెండు, అలా దాటినవారిలో చాలామంది తిరిగి వచ్చారు, లేకపోతే ఫిర్యాదు చేయడానికి ఏమీ ఉండేది కాదు. మూడు, అధికారి బాధ ఒక్క ఇంజను గురించి కాదు, వందల ఇంజన్ల గురించి.

కాబట్టి ‘అయిదు నిమిషాలు’ అనేది ఆరో నిమిషంలో ఇంజను పేలిపోతుందని చెప్పే ప్రకృతి సూత్రం కాదు. ఇంజన్ల ఆయుష్షు, మరమ్మతుకు పట్టే కాలం, కొత్త ఇంజన్ల సరఫరా, పైలట్ ప్రాణం అన్నిటినీ బేరీజు వేసి తీసుకున్న నిర్ణయం. వెనుక శత్రువు తరుముతున్న పైలట్‌కు ఆరో నిమిషం ప్రాణం. వర్క్‌షాపు అధికారికి అదే ఆరో నిమిషం రేపటికి ఎగరలేని ఒక విమానం. ఇద్దరూ తమ తమ స్థానాల్లో సబబే. పరిమితి అంకె ఆ ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం లాంటిది.

9.6 సిమ్యులేటరు ఆధారమా, వ్యాఖ్యానమా?

ఎడ్విన్ లింక్ 1929 ప్రాంతంలో తయారుచేసిన శిక్షణ యంత్రంతో నేల మీదే విమానం నడపడం నేర్పే పద్ధతి స్థిరపడింది. కంప్యూటర్లు వచ్చాక అది ఇళ్లలోకి చేరింది. 2001లో విడుదలైన ‘ఐఎల్-2 స్టర్మోవిక్’లో ఇంజను వేడెక్కిందన్న హెచ్చరిక తెర మీద కనిపించేది. ఆ తరువాతి సిమ్యులేటర్లు రేడియేటరు తలుపులు, ద్రవం, నూనె ఉష్ణోగ్రతలు, సూపర్‌చార్జరు దశలను వేరువేరుగా చూపసాగాయి.

వీటిలో ఇంజను నష్టాన్ని లెక్కించే పద్ధతులు స్థూలంగా మూడు.

(అ) గడియారం పద్ధతి: పుస్తకంలో అయిదు నిమిషాలని ఉంటే, ఆ తరువాత ఇంజను చెడిపోతుంది.
(ఆ) ఉష్ణోగ్రత పద్ధతి: సూది ఎర్ర గీత దాటి ఉన్నంతసేపు నష్టం పెరుగుతుంది.
(ఇ) అరుగుదల పద్ధతి: బూస్టు, వేడి, నాకింగ్ అన్నిటినీ కలిపి ఇంజను ఆయుష్షును కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

మొదటి పద్ధతి 9.5లో మనం చూసిన పరిపాలనా నిర్ణయాన్ని ప్రకృతి సూత్రంగా మార్చేస్తుంది. దానితో ఆడినవారు 1940 పైలట్లు గడియారం చూసుకుంటూ పోరాడారని అనుకుంటారు, డౌడింగ్ లేఖ మాత్రం అందుకు విరుద్ధంగా చెబుతోంది. రెండవ పద్ధతి మెరుగే కాని, ద్రవం వేడిని మాత్రమే చూపి, నొక్కిన గాలి వేడిని దాచవచ్చు. మూడవది అన్నిటికంటే నిజానికి దగ్గర. అయినా అందులోని ప్రతి అంకెనూ ఒక రూపకర్త ఎంచుకున్నదే.

అందుచేత పైలట్ చేతిపుస్తకం, లేఖలు, లాగ్‌పుస్తకాలు ప్రాథమిక ఆధారాలైతే, సిమ్యులేటరు వాటి మీద రాసిన వ్యాఖ్యానం వంటిది, అంటే ద్వితీయ ఆధారం. వ్యాఖ్యానాన్ని పారవేయనక్కరలేదు. దాన్ని ప్రశ్నించాలి. ప్రాథమిక ఆధారాలను కూడా ప్రశ్నించాలి. 1940 మే 29న డన్‌కర్క్ మీద 264వ స్క్వాడ్రను 37 శత్రు విమానాలను కూల్చామని చెప్పుకుంది. జర్మన్ రికార్డులతో పోల్చినప్పుడు అసలు సంఖ్య అంతకంటే చాలా తక్కువని తేలింది. వారు అబద్ధమాడారని కాదు. ఒకే విమానం మీద పలువురు కాల్చినప్పుడు లెక్క పెరుగుతుంది.

మీకు సిమ్యులేటరు అందుబాటులో ఉంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. ముందు వాతావరణాన్ని 15 డిగ్రీల దగ్గర ఉంచి ఒకే వేగంతో 10 వేల అడుగులు ఎక్కండి. ద్రవం ఉష్ణోగ్రతను ప్రతి 2 వేల అడుగులకు రాసుకోండి. తరువాత నేల ఉష్ణోగ్రతను 42కు పెంచి మళ్లీ ఎక్కండి. రెండు పట్టికల్లోనూ తేడా రాకపోతే, ఆ సిమ్యులేటరు వేడిని గడియారంతోనే లెక్కిస్తోందని అనుమానించవచ్చు. తేడా వస్తే, అది 9.4 లెక్కకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. అప్పుడు మీరు ఆటగాడిగా కాక, పరిశోధకుడిగా ఆ తెర ముందు కూర్చున్నట్టు.

9.7 సారాంశం

పైకి వెళ్లేకొద్దీ పలచబడే గాలి లోటును సూపర్‌చార్జరు తీరుస్తుంది. కాని నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఇంజను వేడి బయటికి పోవడం ద్రవానికీ, గాలికీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. అందువల్ల 15 డిగ్రీల గాలికి వేసిన లెక్కలు రాయలసీమ వేసవికి సరిపోవు. యుద్ధకాలపు ‘అయిదు నిమిషాల’ పరిమితి యంత్రానికీ, సరఫరాకూ, ప్రాణానికీ మధ్య చేసిన నిర్ణయం. దాన్ని ప్రకృతి సూత్రంగా చూపే సిమ్యులేటరు చరిత్రను మార్చి చెబుతున్నట్టే. అలాగే ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ అన్న పేరును ప్రజల సమ్మతిగా చదవడమూ చరిత్రను మార్చడమే. అంకె అయినా, పేరు అయినా, దాని వెనుక ఎవరున్నారో అడగడం ఈ భాగం నేర్పే పద్ధతి.

9.8 మీ సమాధానాలను సరిచూసుకోండి

1. ఆ రాజధాని నుంచి విరాళం వెళ్లిందని తెలుపుతుంది. ప్రజలందరూ యుద్ధాన్ని సమర్థించారని తెలపదు. అదే కాలంలో వ్యక్తి సత్యాగ్రహులు యుద్ధ సహాయాన్ని నిరాకరించి జైళ్లకు వెళ్లారు.
2. 15 డిగ్రీల రోజున తేడా 90. 38 డిగ్రీల రోజున తేడా 67. తగ్గుదల 23, అంటే సుమారు 26 శాతం.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇంజను పరిమితులు ప్రకృతి సూత్రాలా, పరిపాలనా నిర్ణయాలా? మెర్లిన్ ఇంజను ఉదాహరణతో చర్చించండి.
2. సిమ్యులేటరును చరిత్ర ఆధారంగా వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పూర్తి థ్రాటిల్ ఎత్తు అంటే ఏమిటి?
2. వేడి ప్రాంతాల్లో విమానం ఇంజను నేల మీద ఎక్కువగా వేడెక్కడానికి కారణాలు తెలపండి.
3. మీ ఊళ్లోని బోరు మోటరు, ట్రాక్టరు, లారీలలో ఒకదాన్ని తీసుకొని, అది వేడిని ఎలా వదులుతుందో మెకానిక్కును అడిగి రాయండి.

9.10 కీలక పదాలు

సూపర్‌చార్జరు: గాలిని నొక్కి ఇంజనులోకి పంపే యంత్రం.
బూస్టు: వాతావరణ పీడనానికి మించి ఇంజనులోకి వెళ్లే పీడనం.
ప్రామాణిక వాతావరణం: విమానాల లెక్కలకు అంగీకరించిన ఊహా వాతావరణం. సముద్రమట్టంలో 15 డిగ్రీలు.
నాకింగ్: ఇంధన మిశ్రమం తనంతట తాను ముందే పేలడం.
ద్వితీయ ఆధారం: ప్రాథమిక ఆధారాలను చదివి, ఎంచి, వివరించిన రచన లేదా రూపం.